పాత కారు వెనుక దీపాలు : మరమ్మతు, మెరుగుదల

వాహనానికి ముందున్న దీపం నడిపేవాని కొరకు. వెనుకనున్న దీపం అతడు ముఖమైనా చూడని మరొకని కొరకు. ఈ భేదమే వెనుక దీపం పట్ల మనకున్న అశ్రద్ధకు మూలకారణమని చెప్పవచ్చును. ముందు దీపం ఆరిన మరుక్షణమే దారి కానరాక కారు ఆగిపోవును. వెనుక దీపం ఆరినచో నడిపేవానికి నెలల తరబడి తెలియకపోవచ్చును. తెలిసిననాడు కూడా అది ఎవరో చెప్పగా తెలియవలెను, లేదా ఏదైనా ప్రమాదం ద్వారా తెలియవలెను.

పాత కార్లను శ్రద్ధతో కాపాడుకొనేవారు మన జిల్లాలలో నేటికీ ఉన్నారు. వారి కార్ల ఇంజన్ల గురించి, రంగుల గురించి మాట్లాడేవారు అనేకులు. వెనుక దీపాల గురించి మాట్లాడేవారు అరుదు. కావున ఆ దీపం నిర్మాణం ఎట్టిది, అది ఎందువలన చెడును, దానిని ఎట్లు బాగుచేయవలెను, నేటి విజ్ఞానంతో ఎంతవరకు మెరుగుపరచవచ్చును అను విషయాలను విద్యార్థి మిత్రులకు ఈ వ్యాసంలో వివరింప దలచినాము. ఇందులో ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రానికి మించినది ఏదియు లేదు. ఆ శాస్త్రం తరగతి గది దాటి రోడ్డు మీద ఎట్లు పనిచేయునో చూపుటయే మా ఉద్దేశం.

మన కారు, మన దారులు

మన ప్రాంతంలో పాత కారు అనగానే ముందుగా మనసులో మెదిలేది అంబాసిడర్. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసికొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1957లో దీని తయారీని ఆరంభించినారు. 2014లో ఆ ఉత్పత్తి ఆగిపోయినది. ఈ మధ్యకాలంలో కలెక్టరు గారి కారు మొదలుకొని అద్దె టాక్సీ వరకు, పెండ్లి ఊరేగింపు మొదలుకొని ఆసుపత్రి ప్రయాణం వరకు ఈ బండి మోయని బరువు లేదు. ఆ తరువాత చెప్పుకొనదగినది ప్రీమియర్ పద్మిని. ‘ఏ.పి. 15’ అని కరీంనగర్ గుర్తును, ‘ఏ.పి. 1’ అని ఆదిలాబాద్ గుర్తును మోసిన ఆనాటి పలకలు కొన్ని బండ్లపై ఇప్పటికీ కనబడుచుండును.

ఈ కార్లు పుట్టిన కాలంలో దారులు వేరు, వేగాలు వేరు. నేడు హైదరాబాదు నుండి కరీంనగర్ మీదుగా రామగుండం పోయే రాజీవ్ రహదారిపై గాని, నిర్మల్, ఆదిలాబాద్‌ల మీదుగా నాగపూర్ వైపు సాగే నలభై నాలుగవ జాతీయ రహదారిపై గాని లారీలు, బస్సులు, కొత్త కార్లు ఎంత వేగంగా పోవునో అందరమూ ఎరిగినదే. వేసవిలో రామగుండం ఎండకు ప్లాస్టిక్ అద్దాల రంగు వెలిసిపోవును. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాలలో బొగ్గు ధూళి దీపాలపై పొరగా పేరుకొనును. చలికాలంలో ఆదిలాబాద్ అడవి దారులలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముకొనును. ఆ రోజులే పత్తి బండ్లు, ట్రాక్టర్లు మార్కెట్టుకు బారులు తీరే రోజులు కూడాను. ఇట్టి దారిపై మసకబారిన ఎర్రదీపంతో నడిచే పాత కారు తనకు తాను ప్రమాదమే గాక, వెనుక వచ్చే మోటారు సైకిలు వానికి మరింత ప్రమాదకరమైనది.

దీపం లోపల ఏమున్నది?

వెనుక దీపంలో ప్రధానంగా ఐదు భాగాలు ఉండును. బాడీకి బిగించిన లోహపు పళ్లెం, దానిలో స్ప్రింగుతో కూడిన హోల్డరు, బల్బు, ఎర్రని అద్దం, ఆ అద్దానికి పళ్లేనికి నడుమ నీరు చొరకుండ ఉంచిన రబ్బరు పట్టీ. అద్దమని వాడుకలో అన్నను చాలా కార్లలో అది ప్లాస్టిక్కే.

బల్బులలో తరచుగా కనబడేది రెండు తంతువుల బల్బు. దానిపై 21/5 వాట్లు అని ముద్రించి ఉండును. రాత్రి వెలిగే దీపానికి 5 వాట్ల తంతువు, బ్రేకు నొక్కినప్పుడు వెలిగేందుకు 21 వాట్ల తంతువు. రెండింటి కాంతిలో ఉన్న ఈ తేడాయే వెనుకవానికి భాష. ‘నేను ముందున్నాను’ అని చెప్పేది చిన్న కాంతి. ‘నేను ఆగుచున్నాను’ అని చెప్పేది పెద్ద కాంతి. ఈ రెండును తారుమారు కాకుండునట్లు బల్బు అడుగున ఉన్న రెండు మేకులను ఎక్కువ తక్కువ ఎత్తులలో అమర్చినారు. తొందరలో ఒక మేకును అరగదీసి బల్బును తిప్పి దూర్చినచో ఆ భాష తలక్రిందులగును.

ఇక విద్యుత్తు ప్రయాణం. బ్యాటరీ నుండి స్విచ్చికి, స్విచ్చి నుండి కారు పొడవునా వెనుకకు, హోల్డరు గుండా బల్బుకు ఒక తీగ వచ్చును. తిరిగి పోవుటకు తీగ ఉండదు. కారు ఉక్కు బాడీయే ఆ పని చేయును. దీనినే మెకానిక్కులు ‘ఎర్త్’ అందురు. కారు కొత్తగా ఉన్నప్పుడు ఇది చక్కని పొదుపు. యాభై యేండ్ల తుప్పు పట్టిన తరువాత ఇదియే సగం రోగాలకు పుట్టినిల్లు.

రోగ నిర్ణయం

దీపం వెలుగుటలేదని వెంటనే బల్బు మార్చుట అలవాటైనది. నిజమునకు బల్బు దోషి కానప్పుడే చిక్కంతయు. దీపం వెలుగుచునే మసకగా ఉన్నచో కారణం దాదాపు ఎల్లప్పుడు దారిలో ఎక్కడో వోల్టేజి నష్టమగుటయే.

లెక్క చూడుడు. బ్రేకు దీపాలు రెండింటికి కలిపి 42 వాట్లు. 12 వోల్టుల వద్ద అవి మూడున్నర ఆంపియర్లు తీసికొనును. తుప్పు పట్టిన ఒక కలయిక వద్ద ఓంలో మూడవ వంతు నిరోధం చేరినదనుకొందము. ఓం సూత్రం ప్రకారం అక్కడనే సుమారు 1.2 వోల్టులు, అనగా పదవ వంతు నష్టమగును. కాంతి కూడా పదవ వంతే తగ్గునని విద్యార్థులు భావింతురు. అది సరికాదు. తంతువు బల్బులో కాంతి వోల్టేజి యొక్క మూడవ ఘాతం కంటె కూడా వేగంగా మారును. వోల్టేజి పది శాతం తగ్గినచో కాంతి ముప్పది శాతం తగ్గును. వోల్టేజి ఇరువది శాతం తగ్గినచో కాంతి సగానికి లోబడును. కంటికి కానరాని కొద్దిపాటి తుప్పు సగం వెలుగును మ్రింగివేయుట ఇట్లు సంభవించును.

రోగాన్ని పట్టుటకు ఒక మల్టీమీటరు చాలును. దీపం వెలుగుచుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్త్ కొసకు, రెండవ కొనను బల్బు లోహపు గొట్టానికి తాకించవలెను. ముల్లు సున్నకు దగ్గరగా ఉన్నచో ఎర్త్ మంచిది. అర వోల్టు, అంతకు మించి చూపినచో దోషం ఎర్త్‌లోనే. పిదప బ్యాటరీ రెండవ కొసకు, హోల్డరులోని తీగ కొనకు నడుమ అదే విధంగా కొలువవలెను. అక్కడ నష్టం కనిపించినచో దోషం తీగలో గాని, స్విచ్చిలో గాని, కలయికలలో గాని ఉన్నట్లు.

మీటరు లేకున్నను కొన్ని గుర్తులున్నవి. బ్రేకు నొక్కగానే రాత్రి దీపం మసకబారుట, ఇండికేటరుతో పాటు పక్క దీపం కూడా మిణుకుమిణుకుమనుట ఎర్త్ దోషానికి లక్షణాలు. తన దారి మూసుకుపోగా విద్యుత్తు పక్క తంతువు గుండా దొంగదారిలో తిరిగిపోవుటయే దీనికి కారణం.

బ్రేకు దీపం మాత్రమే వెలుగనిచో స్విచ్చిని అనుమానింపవలెను. పాత కార్లు అనేకములలో ఇది బ్రేకు నూనె గొట్టంలో అమర్చబడి, నూనె ఒత్తిడికి పనిచేయును. ముసలిదైన స్విచ్చి మెల్లగా నొక్కినప్పుడు పలుకదు, గట్టిగా తొక్కినప్పుడే పలుకును. షెడ్డులో గట్టిగా తొక్కి చూచి ‘బాగున్నది’ అని తేల్చినచో, రోడ్డు మీద మెల్లగా ఆగునప్పుడు ఆ దీపం మౌనంగానే ఉండును. కావున పరీక్ష కూడా మెల్లగానే చేయవలెను.

మరమ్మతు విధానం

మొట్టమొదట బ్యాటరీ ఎర్త్ కొసను విప్పవలెను. తరువాత తీగలన్నిటికి చీటీలు కట్టవలెను, లేదా ఫోటో తీసికొనవలెను. బ్రిటిష్ పద్ధతిలో వెనుక దీపానికి ఎరుపు, బ్రేకు దీపానికి ఊదా చార గల ఆకుపచ్చ, ఎర్త్‌కు నలుపు తీగలు వాడుట ఆచారం. కాని దశాబ్దాలుగా పలువురి చేతులు పడిన కారులో రంగును నమ్మరాదు. పరీక్షించి చూచిన తీగనే నమ్మవలెను.

పాత ప్లాస్టిక్ అద్దం పెళుసుగా ఉండును. తుప్పు పట్టిన స్క్రూలను బలవంతం చేసినచో ముందుగా పగిలేది అద్దమే. ముందురోజు రాత్రి స్క్రూలకు రెండు చుక్కల తుప్పు వదిలించు నూనె వేసి ఉంచినచో మరునాడు అవి సులువుగా తిరుగును.

హోల్డరులోని ఇత్తడి భాగాలను సన్నని గరుకు కాగితంతో మెరుగుపెట్టవలెను. ఇత్తడి పాత్రలకు వలె చింతపండు వాడినను పనిచేయును గాని, ఆ పులుపు ఏ మాత్రం మిగిలినను మరల చిలుము పట్టును. కావున బాగుగా కడిగి పూర్తిగా ఆరబెట్టవలెను. స్ప్రింగు బిగువు తగ్గినచో హోల్డరునే మార్చుట మేలు.

పళ్లెం లోపలి భాగం కాంతిని వెనుకకు మళ్లించే దర్పణం. దాని మెరుపు పోయినచో కొత్త బల్బు పెట్టినను ఫలముండదు. తుప్పును గీకి తెల్లని లేదా వెండి రంగు పూసినచో కాంతి తిరిగి వచ్చును. రబ్బరు పట్టీ దొరకనిచో సైకిలు ట్యూబు రబ్బరును అదే ఆకారంలో కత్తిరించి వాడవచ్చును. అయితే పళ్లెం అడుగున నీరు జారుటకు ఉంచిన చిన్న రంధ్రాన్ని మాత్రం మూయరాదు. వానకాలంలో లోపలికి చేరిన చెమ్మ పోవుటకు అదొక్కటే దారి.

ఇక ముఖ్యమైన పని ఎర్త్. తుప్పు పట్టిన బాడీని నమ్ముకొనక హోల్డరు నుండి ఒక ప్రత్యేకమైన నల్లని తీగను తీసి, బాడీపై రంగు గీకి మెరిసే లోహం కనబడిన చోట పండ్ల వాషరుతో గట్టిగా బిగించవలెను. బిగించిన తరువాత దానిపై గ్రీజు పూయవలెను. ఈ చిన్న తీగతోనే అనేక కార్లలో సగం చీకటి తొలగిపోవును.

తీగలు అనేక సన్నని పోగులు గల మోటారు తీగలే కావలెను. ఇంటి గోడలలో వాడే ఒంటి పోగు తీగ కారు కుదుపులకు లోపలనే విరుగును. టంకం పెట్టునప్పుడు ఆమ్లపు ద్రావకం వాడరాదు. రాళ్ల వంటి రోజనమే వాడవలెను. టంకం పెట్టిన చోట తీగ బిరుసెక్కును గనుక, దానికి ప్రక్కనే క్లిప్పుతో ఆధారమీయవలెను. సన్నని వెండి తీగలను అతికి అద్భుతాలు సృష్టించే కరీంనగర్ ఫిలిగ్రీ పనివారికి ఈ రహస్యం తరతరాలుగా తెలిసినదే. కొనలు శుభ్రంగా ఉన్నచోటనే అతుకు నిలుచును. మురికి మీద ఎంత టంకం పోసినను అది పైపై పూతయే.

ఫ్యూజు విషయంలో ఒక హెచ్చరిక. ఫ్యూజు మాటిమాటికి కాలిపోవుచున్నదని సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టుట, లావు రాగి తీగ కట్టుట మన దగ్గర కనబడే దురలవాటు. ఫ్యూజు కాలుట రోగం కాదు, రోగం ఉన్నదని చెప్పే కేక. ఆ నోరు నొక్కినచో తరువాత కాలేది తీగ, ఆపైన కారు. పెట్రోలు ట్యాంకు వెనుకనే ఉన్నదను మాట మరువరాదు.

ఎంతవరకు మెరుగుపరచవచ్చును?

పై మరమ్మతు పూర్తి అయిన పిదపనే మెరుగుదల గురించి ఆలోచింపవలెను. పునాది బాగుచేయక మేడ కట్టరాదు.

మొదటి మెరుగుదల ఫ్యూజు. పాత బ్రిటిష్ పద్ధతి కార్లలో మొత్తం రెండే ఫ్యూజులుండుట సాధారణం. వెనుక దీపాల తీగకు ఫ్యూజే లేకపోవుట కూడా కద్దు. ఆ దారిలో ఒక 5 ఆంపియర్ల ఫ్యూజును చేర్చినచో ఖర్చు స్వల్పం, రక్షణ అధికం.

రెండవది ఎల్.ఇ.డి. బల్బు. ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించినాడు. తంతువు వేడెక్కి పూర్తిగా వెలుగుటకు సెకనులో సుమారు ఐదవ వంతు కాలం పట్టును. ఎల్.ఇ.డి. తక్షణమే వెలుగును. ఐదవ వంతు సెకను ఎంత అని అనిపింపవచ్చును. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే వాహనం ఆ లోపున దాదాపు నాలుగున్నర మీటర్లు ముందుకు వచ్చును. అది ఇంచుమించు ఒక అంబాసిడర్ పొడవు. ప్రాణానికి, ప్రమాదానికి నడుమ ఒక్కొక్కసారి ఉండేది అంతే దూరం.

రెండవ లాభం పొదుపు. ఆల్టర్నేటరుకు బదులు డైనమో గల పాత కార్లలో ఇంజను మెల్లగా తిరుగునప్పుడు విద్యుత్తు చాలదు. కొద్ది వాట్లతో వెలిగే ఎల్.ఇ.డి. ఆ భారాన్ని తగ్గించును.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఎల్.ఇ.డి. ఒక దిశలోనే విద్యుత్తును పోనిచ్చును. పాత బ్రిటిష్ కార్లలో కొన్నింటికి బ్యాటరీ ధన కొస ఎర్త్‌గా ఉండేది. అట్టి కారులో నేటి సాధారణ ఎల్.ఇ.డి. వెలుగదు. కావున బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసినదో ముందుగా చూడవలెను. ఎర్రని అద్దం వెనుక ఎర్రని ఎల్.ఇ.డి.నే పెట్టవలెను. తెల్లని ఎల్.ఇ.డి. కాంతిలో ఎరుపు పాలు తక్కువ గనుక అద్దం దానిలో అధిక భాగాన్ని ఆపివేయును. కాంతిని అన్ని వైపులకు వెదజల్లే బల్బును ఎన్నుకొనవలెను. ఒక్క దిశలోనే చిమ్మేది పాత పళ్లేనికి పనికిరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, రాత్రి దీపానికి, బ్రేకు దీపానికి నడుమ తేడా స్పష్టంగా ఉండవలెను. చౌక బల్బులలో కొన్నింట ఈ తేడా కంటికి ఆననంత స్వల్పం. అట్టివి మెరుగుదల కాదు, వెనుకడుగు.

ఇండికేటరు బల్బులను మార్చినచో మరొక చిక్కు వచ్చును. పాత ఫ్లాషరు తనలో ప్రవహించే విద్యుత్తు వేడితో పనిచేయును. ఎల్.ఇ.డి. తీసికొనే స్వల్ప విద్యుత్తుకు అది వేడెక్కదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరును అమర్చినచో ఈ చిక్కు తీరును.

మూడవ మెరుగుదల వెనుక అద్దం లోపల ఎత్తున అమర్చే మూడవ బ్రేకు దీపం. అమెరికాలో 1986 నమూనా కార్ల నుండి దీనిని తప్పనిసరి చేసినారు. బాడీకి రంధ్రం చేయకుండ లోపలనే బిగించి, కావలసినప్పుడు తీసివేయవచ్చును గనుక పాత కారు రూపానికి భంగం కలుగదు. నాలుగవది అతి చౌకయైనది, ఎర్రని రిఫ్లెక్టరు. దానికి తీగ లేదు, ఫ్యూజు లేదు, బ్యాటరీ లేదు. దీపాలన్నియు ఆరినప్పుడు కూడా వెనుకవాని వెలుగును వానికే తిప్పి పంపి హెచ్చరించును. కారుకే కాదు, పత్తి ట్రాక్టరుకు, ఎడ్లబండికి కూడా ఇది ప్రాణరక్షకం.

చట్టం ఏమనుచున్నది?

1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం కారు వెనుక రెండు ఎర్ర దీపాలు ఉండవలెను. వాటి కాంతి 155 మీటర్ల దూరం నుండి కనబడవలెను. నంబరు పలకపై తెల్లని వెలుగు పడవలెను. వెనుక దీపాన్ని సొగసు కొరకు నీలి రంగుకో, నల్లని పొరకో మార్చుట ఈ నియమాల ఉద్దేశానికే విరుద్ధం.

మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై సంవత్సరాలు దాటి, అసలు రూపంలో నిలిచియున్న బండ్లను ప్రత్యేక తరగతిగా గుర్తించుచు 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలను వెలువరించినది. కావున చాసిస్‌ను, బాడీని, ఇంజనును ముట్టని మెరుగుదలలనే ఎంచుకొనుట వివేకం. తీసిన పాత బల్బులను, హోల్డర్లను పారవేయక ఒక డబ్బాలో భద్రపరచవలెను.

పని పూర్తి అయిన తరువాత పరీక్ష మీటరుతో ముగియదు. ఒక మిత్రుని కారులో కూర్చుండబెట్టి, వెనుకకు సుమారు రెండు వందల అడుగులు వేసి నిలిచి చూడవలెను. ఒకసారి చీకటిలో, ఒకసారి మిట్టమధ్యాహ్నపు ఎండలో. మిత్రుడు బ్రేకును మెల్లగా నొక్కిన క్షణాన్ని అంత దూరం నుండి తడబాటు లేక గుర్తించగలిగినచో ఆ మరమ్మతు నెగ్గినట్లు.

ఉస్తాదు, షాగిర్దు

మన పట్టణాల మెకానిక్ షెడ్లలో ఈ విద్య పుస్తకాల ద్వారా రాలేదు. ఉస్తాదు చేతి నుండి షాగిర్దు చేతికి వచ్చినది. అక్కడ తెలుగు, ఉర్దూ కలిసి ఒకే భాషగా పనిచేయును. స్పానరు ‘పానా’, దీపం ‘బత్తి’. తెలుగువాని వత్తి, ఉర్దూవాని బత్తి సంస్కృతంలోని ‘వర్తి’ శబ్దం నుండి పుట్టిన తోబుట్టువులని ఎరిగినచో మన కళాశాల విద్యార్థులకు సంతోషం కలుగగలదు.

ఆ ఉస్తాదులు నేడు వృద్ధులైనారు. కొత్త కార్లలో దీపం చెడినచో మొత్తం పెట్టెనే మార్చుదురు గనుక, విప్పి చూచి కారణం కనుగొనే విద్యకు గిరాకీ తగ్గినది. వారికి మీటరు చూపే అంకెకు సూత్రం తెలియకపోవచ్చును. మనకు సూత్రం తెలిసినను స్క్రూ విరుగకుండ తీయుట తెలియదు. ఈ రెండు జ్ఞానాలు ఒకరినొకరు కలిసికొనవలసిన అవసరమున్నది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఓం సూత్రాన్ని ఒక పాత కారు వెనుక దీపంపై నిరూపించుట, ఏడాదికి ఒక దినం అనుభవజ్ఞుడైన మెకానిక్కును పిలిచి విద్యార్థుల ఎదుట పని చేయించుట కష్టసాధ్యం కాదు. కళాశాల కమిటీ పెద్దలు ఈ సూచనను పరిశీలింతురని ఆశించుచున్నాము. ఆ దినమున విద్యార్థులు తమ ఇండ్లలోని మోటారు సైకిళ్లను, ట్రాక్టర్లను తెచ్చి వెనుక దీపాలను పరీక్షింపించుకొన్నచో అది చదువుకు చదువు, సేవకు సేవ.

మిత్రులారా, నేటి సాయంత్రం మీ ఇంటి వాహనం ఏదైనను సరే, దానిని వెలిగించి దిగి ఒక్కసారి వెనుకకు పోయి చూడుడు. సీటులో కూర్చున్నవానికి ఎన్నటికీ కనబడని దీపం అది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మలుపులలోనో, మంచు కప్పిన ఆదిలాబాద్ దారిలోనో, మన వెనుక వచ్చుచున్న అపరిచితుడు క్షేమంగా ఇల్లు చేరుట దాని మీదనే ఆధారపడియున్నది.